నల్లకుంట నుంచి నాలుగు మిస్డ్ కాల్స్

“గా ఫారంల ఎవరి నంబర్ రాసినవ్? చదువు.”

“అమ్మమ్మది.”

“నాది ఎందుకు రాయలే? నాకు ఫోన్ లేదా?”

“ఉన్నది నానమ్మా. కానీ నువ్వు లేపవు కదా! తెల్వని నంబరైతే కట్ చేస్తవ్. నేను ల్యాబ్‌ల ఉన్నప్పుడు వీసా ఆఫీసోళ్ళు అర్జెంట్‌గ ఏదన్న అడిగితే ఎవరో ఒకరు మాట్లాడాలె కదా?”

“ఇంగ్లీషు రానిదానికి నంబర్ ఎందుకు అని చెప్పు. సాఫ్‌గ చెప్పు.”

“అయ్యో, అదేం మాటండీ వదినగారూ. ఎవరి నంబరైతే ఏముంది? మీదే రాయించండి.”

“మీరు చెప్తె రాస్తదా వదినా? నేను చెప్పుకోలేనా నా మనవరాలికి?”

“మీ మనవరాలే కాదండీ, నాక్కూడా మనవరాలే.”

మేము ముగ్గురం కూర్చున్నది యూనివర్సిటీ లోపల, మనవరాలి డిపార్ట్‌మెంట్ ముందున్న సిమెంటు బెంచీ మీద. సాయంత్రం ఐదు దాటింది. నడకకు వచ్చిన వాళ్ళు మా దగ్గరికి రాగానే అడుగు నెమ్మది చేసి, దాటగానే మళ్ళీ వేగం పెంచుతున్నారు. పిల్ల మధ్యలో కూర్చుంది, ఒళ్ళో కంప్యూటర్. దానికి అటువైపు వదిన తెచ్చిన సున్నుండల డబ్బా, ఇటువైపు నేను గిన్నెకు ఒత్తి కాల్చి తెచ్చిన సర్వపిండి. పిల్ల ముందుగా సున్నుండే తీసుకుంది. నేను చూశాను.

వదిన అంటే నా వియ్యపురాలు, కోడలి తల్లి. గోదావరి వైపు వాళ్ళు. ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరై, నల్లకుంటలో సొంత ఇంట్లో ఉంటుంది. మాది తార్నాక. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసేవాడు. నేను నాలుగో తరగతి దాకా చదివి, ఆ తరువాత ముప్పై ఏళ్ళు ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్ కుట్టాను. ఇప్పుడు కొడుకు, కోడలు, మనవరాలు, నేను ఒకే ఇంట్లో ఉంటున్నాం. కొడుకూ కోడలూ పొద్దున పోతే రాత్రికి వస్తారు కాబట్టి పిల్ల మంచిచెడులు మా ఇద్దరు ముసలివాళ్ళ మీద పడ్డాయి. దాని అన్నం, దాని బట్టలు, దాని జ్వరాలు నావి. దాని కాగితాలు మాత్రం మొదటి నుంచీ వదినవే. బడిలో చేర్చిన నాటి దరఖాస్తు దగ్గర నుంచి దాని పుట్టిన తేదీ ఎక్కడ రాయవలసి వచ్చినా అది వదిన చేతిరాతలోనే ఉంటుంది. గుండ్రంగా, ముత్యాల్లాగా రాస్తుంది. ఆ దస్తూరీ చూసినప్పుడల్లా నేను ముఖం అటు తిప్పుకుంటాను. దాన్ని కుళ్ళు అంటారని తెలుసు. వేరే పేరు పెట్టను.

ఈసారి కాగితం జర్మనీది. మనవరాలు జొన్న వేర్ల మీద పరిశోధన చేస్తోంది. నేను పుట్టిన ఇంట్లో జొన్నలు తప్ప వేరే పంట లేదు. వేరు ఎంత లోతుకు పోతుందో, వాన తప్పితే ఎటు తిరుగుతుందో దానికి మొదట చెప్పింది నేనే. అక్కడ ఆరు రోజుల సభ ఉందని, వచ్చి మాట్లాడమని దాన్ని పిలిచారు. ఆ పిలుపు వచ్చిన రోజు పిల్ల నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. వీసా మాట వచ్చేసరికి మాత్రం ఫోన్ వదినకు పోయింది.

వీసా ఇచ్చేది ఆ దేశం వాళ్ళట. దానికి కావలసిన కాగితాలు సర్ది, ఫారాలు నింపి, అపాయింట్‌మెంట్ చూసిపెట్టడానికి వేరే ఆఫీసులు ఉంటాయి. వదిన తన వీధి చివర ఉన్న ఒక ఆఫీసు పేరు చెప్పింది. నేను తార్నాకలో జిరాక్స్ షాపు పైనున్న ఇంకొకటి చెప్పాను. దగ్గర ఉంటే నడిచి పోవచ్చు, ఆటో అక్కరలేదు అన్నాను. అది నిజమే. కానీ అసలు సంగతి, పని తార్నాకలో అయితే రోజూ పోయి అడిగి వచ్చేది నేను. ఏమైంది నానమ్మా అని పిల్ల నన్ను అడుగుతుంది. నల్లకుంటలో అయితే ఆ అడగడమూ చెప్పడమూ వదినకే పోతాయి.

బెంచీ మీద ఈ గొడవ జరిగిన సాయంత్రం పిల్ల తొందరలో ఉంది. అపాయింట్‌మెంట్లు అయిపోతున్నాయట. మరునాడు ఏదో ఒక ఆఫీసులో ఫైలు ఇవ్వకపోతే సభ నాటికి వీసా చేతికి రాదని దాని గుబులు. నేను రెండు ఆఫీసులూ చూసి వచ్చానని, రెండింటిలో తార్నాకదే మేలని దానికి చెప్పలేకపోతున్నాను. ఎందుకంటే తార్నాకది మేలు కాదు. అది అప్పటికే నాకు తెలుసు.

అంతకు రెండు రోజుల ముందు తార్నాక ఆఫీసుకు వెళ్ళాను. నాకు ఒక పద్ధతి ఉంది. ఫాల్ కుట్టేదాన్ని కాబట్టి అబ్బిన పద్ధతి. చీర ఇవ్వడానికి వచ్చినప్పుడు ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడతాం. కుట్టు ఊడిపోయిందని అదే చీర వెనక్కి తెచ్చినప్పుడు మన ముఖం ఎట్లా ఉంటుందన్నదే లెక్క. అందుకని ఏ దుకాణానికి పోయినా నేను ముందు బేరం చేయను. ఒక మూల కూర్చుని, రెండోసారి వచ్చిన వాళ్ళతో ఎట్లా మాట్లాడుతున్నారో వింటాను.

తార్నాక ఆఫీసులో చల్లగా ఏసీ ఉంది. అక్కడి మనిషి నన్ను “అమ్మా, కూర్చో అమ్మా” అని మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. మనవరాలి సంగతి చెప్పగానే, “మనది హండ్రెడ్ పర్సెంట్ గ్యారంటీ అమ్మా! పాస్‌పోర్ట్ ఇచ్చి పో, మిగతాది నేను చూసుకుంట” అన్నాడు. నాకు నచ్చాడు. నీడలో ఉంటానని చెప్పి అక్కడే కూర్చున్నాను. కొంతసేపటికి ఒక మొగుడూ పెళ్ళాం వచ్చారు.

“అన్నా, మా పాస్‌పోర్టులు మీ దగ్గరనే ఉన్నయ్. వారం నుంచి ఫోన్ చేస్తున్నం, ఒక్కలు లేపుత లేరు.”

“సార్ బయటికి పోయిండు. రేపు రాండ్రి.”

“నిన్న గూడ రేపే అన్నవ్.”

“నేనేం జేయాలె మేడమ్? సార్ రావాలె కదా!”

వాళ్ళు మాట్లాడుతుండగానే అతని బల్ల డ్రాయర్‌లో ఫోన్ మోగింది. ఒకటి కాదు, రెండు. అతడు మోకాలితో డ్రాయర్ లోపలికి నెట్టాడు. శబ్దం సగం తగ్గింది. అతడి ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ మోకాలు రోజూ చేసే పనే చేసింది.

మరునాడు నల్లకుంటకు వెళ్ళాను. అక్కడ కూడా తప్పు దొరుకుతుందనే ఆశతో వెళ్ళాను. వదిన ఇల్లు దాటి పోవాలి. వాళ్ళ గేటు దగ్గరికి రాగానే కొంగు తల మీదికి లాక్కుని, వీధికి అటు పక్కన నడిచాను.

అది చిన్న గది. ఏసీ లేదు, ఫ్యాన్ ఉంది. బల్ల దగ్గర ముప్పై ఏళ్ళ అమ్మాయి కూర్చుని ఉంది. నేను చెప్పిందంతా రాసుకుంది, మధ్యలో తుంచలేదు. “వీసా వస్తదా బిడ్డా?” అని అడిగాను.

“ఆ మాట నేను చెప్పలేనమ్మా. ఇచ్చేది మేము కాదు. కాగితాల్లో తప్పు లేకుండా చూసేంత వరకే మా పని.”

నాకు లోపల సంతోషమైంది. దొరికింది తప్పు అనుకున్నాను. గ్యారంటీ కూడా ఇవ్వలేని దానికి ఆఫీసెందుకు? ఆ సంతోషం మీదే కూర్చున్నాను. అంతలో ఒక పెద్దమనిషి కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. కూతురి కాన్పుకు పోవలసిన వాడు, వీసా రాలేదు. వీసా ఇవ్వలేమన్న కాగితం బల్ల మీద పడేశాడు. గొంతు పెంచి అరిచాడు. ఆ అమ్మాయి లేచి, తన కుర్చీ తెచ్చి ఆయనకు వేసింది. కాగితం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చదివి చెప్పింది. తరువాత ఫైలు తీసి చూసింది. చాలాసేపు చూసింది.

“ట్రావెల్ ఇన్సూరెన్స్ రెండు రోజులు తక్కువ పడిందండీ. మేము చూసుకోవాల్సింది. మా తప్పే.”

ఆ పెద్దమనిషి ఇంకా అరుస్తాడేమో అనుకున్నాను. ఆయన కర్రను గోడకు ఆనించి కూర్చున్నాడు. అక్కడే, ఆయన ముందే, ఆ అమ్మాయి మళ్ళీ ఫారం నింపడం మొదలుపెట్టింది.

ముప్పై ఏళ్ళలో నా దగ్గరికి ఎన్నో చీరలు వెనక్కి వచ్చాయి. దారం మంచిది కాదన్నాను, మీరు గట్టిగా ఉతికారన్నాను, ఇస్త్రీ పెట్టె వేడెక్కువన్నాను. మా తప్పే అన్న మాట ఒక్కసారి కూడా నా నోటి నుంచి రాలేదు. ఆ అమ్మాయి మీద నాకు కోపం వచ్చింది. అంత మంచి ఆఫీసు వదిన వీధిలోనే ఉండాలా అని ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. పేరు, నంబరు వాళ్ళ పుస్తకంలో రాయమంటే రాసి, చెప్పకుండా లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం చివరి పరీక్షగా రెండు ఆఫీసులకూ మిస్డ్ కాల్ ఇచ్చాను. ఫోన్‌లో కంపెనీ వాళ్ళు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చంటారు గానీ నాకు మిస్డ్ కాలే అలవాటు. ఒక్కసారి మోగనిచ్చి కట్ చేస్తాను. నేనంటే లెక్క ఉన్నవాళ్ళు తిరిగి చేస్తారు. మా కొడుకు చేస్తాడు, పాలవాడు చేస్తాడు. ఈ రెండు ఆఫీసుల నుంచీ ఎవరూ చేయలేదు. నల్లకుంట ఆఫీసు కూడా చేయలేదు కదా అని నాకు గట్టి ఆధారం దొరికినట్టయింది.

ఆ ఆధారాన్నే బెంచీ మీద బయటికి తీశాను.

“నంబర్ సంగతి వదిలెయ్ బిడ్డా. అసలు గా నల్లకుంట ఆఫీసే వద్దు. నేను మిస్డ్ కాల్ ఇచ్చి చూసిన, వాపస్ చెయ్యలే. ఇప్పుడే చెయ్యనోళ్ళు రేపు నీ పాస్‌పోర్ట్ తీస్కున్నంక చేస్తరా?”

“నువ్వెందుకిచ్చినవ్ వాళ్ళకు మిస్డ్ కాల్?” అంది మనవరాలు. తరువాత చెయ్యి చాపింది. “ఫోన్ ఇటియ్యి.”

“ఎందుకు?”

“ఇయ్యి నానమ్మా.”

నాది బటన్ల ఫోన్. దాంట్లో నేను అంకెలు, పచ్చ బటను, ఎర్ర బటను తప్ప ఇంకేదీ నొక్కను. మనవరాలు ఏవో నొక్కింది. దాని కనుబొమలు పైకి లేచాయి.

“నిన్న సాయంత్రం రెండుసార్లు, ఇయ్యాల పొద్దుగాల రెండుసార్లు. ఒకటే ల్యాండ్‌లైన్ నంబర్. ఎవరిది ఇది?”

“అదా? ఎవడో దొంగ. బ్యాంక్ నుంచి మాట్లాడుతున్నమని ఓటీపీ అడుగుతరు కదా, గసుంటోడు. మోగంగనే కట్ చేసిన.”

“నాలుగుసార్లా?”

“నాలుగుసార్లు.”

మనవరాలు తన ఫోన్‌లో ఆఫీసు వివరాలు తీసి, రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆ ల్యాండ్‌లైన్ నల్లకుంట ఆఫీసుదే. నేను మిస్డ్ కాల్ ఇచ్చింది వాళ్ళ సెల్‌కు, వాళ్ళు తిరిగి చేసింది ఆఫీసు ఫోన్ నుంచి. వదిన సున్నుండల డబ్బా వైపు చూస్తూ పెదవులు బిగించింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు. నవ్వినా బాగుండేది, తిట్టడానికి వీలుండేది.

అక్కడితో ఆగితే సరిపోయేది. మనవరాలు నా ఫోన్ నుంచే ఆ నంబరుకు చేసి, స్పీకర్ పెట్టింది.

“నమస్తే అమ్మా! నిన్నటి నుంచి మీకే ట్రై చేస్తున్నాం.” అదే అమ్మాయి గొంతు.

“మేడమ్, నేను వాళ్ళ మనవరాలిని.”

“జర్మనీ, ఆరు రోజులు, మీరేనా? పెద్దావిడ అంతా చెప్పారు. మీకు కావలసిన కాగితాల లిస్టు ప్రింట్ తీసి పెట్టాను, తీసుకోకుండానే వెళ్ళిపోయారు. పైగా రెండు గంటలు కూర్చున్నారు ఎండపూట. ఇల్లు చేరారో లేదో అని కూడా చేశాను. బాగున్నారు కదా?”

“బాగనే ఉన్నరు మేడమ్,” అంది మనవరాలు నా వైపు చూస్తూ. “మస్తు బాగున్నరు.”

ఫోన్ పెట్టేశాక వదిన ముఖంలో నవ్వు లేదు.

“నిన్న నల్లకుంట వచ్చారా వదినగారూ?”

“వచ్చిన.”

“నిన్నంతా నేను ఇంట్లోనే ఉన్నానండీ.”

“పనుండి వచ్చిన వదినా. చుట్టపు చూపుకు రాలే.”

“మా గేటు ముందు నుంచే కదా వెళ్ళాలి.” ఆమె డబ్బా మూత పెట్టి, నెమ్మదిగా తిప్పి బిగించింది. “భోజనానికి ఉండమనేదాన్ని కాదులెండి. మంచినీళ్ళైనా తాగి వెళ్ళాల్సింది.”

వియ్యపురాలి వీధికి పోయి, ఆమె గడప తొక్కకుండా రావడం మాలోనూ తప్పే, వాళ్ళలోనూ తప్పే. నాకే ఎవరైనా అట్లా చేసి ఉంటే ఏళ్ళ తరబడి గుర్తు పెట్టుకునేదాన్ని. అయినా నేను తగ్గలేదు.

“మీకేమైంది వదినా? పిల్ల కాగితాలన్నీ మీ చేతిలనే ఉన్నయ్ కదా. నంబర్ గూడ మీదే.”

“కాగితాలే ఉన్నాయండీ,” అంది వదిన. ఆమె గొంతు పెరిగింది. అంతకు ముందెప్పుడూ నేను వినలేదు. “పొద్దున లేస్తే దాని మొహం చూసేది మీరు. నేను ఏదో ఫారం ఉందని చెప్పుకుని వారానికి ఒకసారి ఈ బెంచీ మీద చూస్తాను. ఫారాలు లేకపోతే అదీ లేదు. ఆ నంబరు కూడా మీరే తీసుకోండి.”

పిల్ల నా ఇంట్లో ఉన్నందుకు ఆమెకూ కుళ్ళు ఉందని ఆ సాయంత్రం తెలిసింది. వినగానే నాకు జాలి కలగాలి. కలిగింది కూడా, కాస్త తరువాత. ముందు కలిగింది మాత్రం చల్లదనం. ఎండలో నడిచి వచ్చి కుండలో నీళ్ళు తాగినట్టుగా ఉంది.

వాచ్‌మన్ మా గొంతులు విని సైకిల్ ఆపి, “ఏమైందమ్మా, ఏం లొల్లి?” అని అడిగాడు.

“ఏం లేదన్నా. వీసా,” అంది మనవరాలు.

“వీసానా? అయితే గట్లనే ఉంటది,” అని అతడు వెళ్ళిపోయాడు.

“మీ ఇద్దరి పంచాయితీ తర్వాత పెట్టుకోండ్రి,” అంది మనవరాలు. దాని గొంతు సన్నబడింది. ఏడుపుకు ముందు అట్లాగే సన్నబడుతుంది, చిన్నప్పటి నుంచీ. “నేను రేపు ఎవరికి ఇయ్యాలె ఫైలు? తార్నాక వాళ్ళను గూడ నువ్వు చూసే ఉంటవ్ కదా నానమ్మా. వాళ్ళెట్లున్నరు? నిజం చెప్పు.”

చెప్పాను. గ్యారంటీ అన్న మనిషి సంగతి, ఆ మొగుడూ పెళ్ళాం సంగతి, డ్రాయర్‌లో మోగిన ఫోన్ల సంగతి, మోకాలితో నెట్టిన సంగతి. నల్లకుంటలో కర్ర పట్టుకుని వచ్చిన పెద్దమనిషి సంగతి కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ వదిన వైపు చూడలేదు.

మనవరాలు కంప్యూటర్ మూసింది.

“డ్రాయర్ సంగతి నీకు రెండు రోజుల సంది తెలుసు.”

“తెలుసు.”

“తెలిసి గూడ నన్ను ఆడికే పొమ్మన్నవ్. నా పాస్‌పోర్ట్ గా డ్రాయర్‌ల పడేటిది నానమ్మా.”

ఈ తప్పు దారం మీద పెట్టడానికి లేదు, ఇస్త్రీ పెట్టె మీద పెట్టడానికి లేదు. నా తప్పే అన్న ఆ రెండు ముక్కలు నోట్లోకి వచ్చి వెనక్కి పోయాయి. చివరికి, “నల్లకుంటల్నే ఇయ్యి,” అని మాత్రం అన్నాను. వదిన డబ్బా మూత మళ్ళీ తీసి, నా చేతిలో ఒక సున్నుండ పెట్టింది. నెయ్యి ఎక్కువ వేసింది. తిన్నాను. సర్వపిండి ఆమె అడిగి తీసుకుంది.

మరునాడు పొద్దున మనవరాలు, నేను బస్సులో నల్లకుంట వెళ్ళాం. ముందు వదిన ఇంటికి పోయాం. టీ ఇచ్చింది, తాగాను. ముగ్గురం నడిచి వీధి చివరి ఆఫీసుకు పోయాం. ఆ అమ్మాయి ఫైలు మొత్తం చూసి, ఒక కాగితం తక్కువైందని చెప్పి, సాయంత్రంలోగా పంపమంది. మనవరాలు ఫోన్‌కు దొరకకపోతే ఎవరికి చేయాలని కూడా ఆ అమ్మాయే అడిగింది. మనవరాలు మా ఇద్దరినీ చూసి, రెండు నంబర్లు చెప్పింది. సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తానని ఆ అమ్మాయి రెండింటికీ చేసింది. వదిన ఫోన్ ఇంట్లో చార్జింగ్‌కు పెట్టి వచ్చింది, ఎవరూ ఎత్తలేదు. నాది సంచిలో మోగింది. తెలియని నంబరే. పచ్చ బటను నొక్కి, బల్లకు ఇవతల కూర్చునే, “హలో” అన్నాను. బల్లకు అవతల నుంచి ఆ అమ్మాయి కూడా “హలో అమ్మా” అంది. వదిన ముఖం చిన్నబోయింది. నాకు సంతోషమైంది.

“మొదట ఎవరిది రాయమంటారు?” అని ఆ అమ్మాయి అడిగింది.

“అమ్మమ్మది,” అంది మనవరాలు. “రెండోది నానమ్మది.”

అట్లాగే రాశారు. రసీదు తీసుకుని మనవరాలు ల్యాబ్‌కు పోయింది, నేను బస్సెక్కి తార్నాకకు వచ్చేశాను.